రామక్క చేను

కన్నడ సీమలోని బాగేపల్లి నుంచి వచ్చే బస్సు యర్రగుంటపల్లి దగ్గర ఆగినప్పుడు, దిగే మనిషిని బట్టి ఊరు ముఖం మారిపోతుంది. చుట్టం దిగితే పొయ్యి మీదికి కాఫీ నీళ్ళు ఎక్కుతాయి. సూదులేసే నర్సమ్మ దిగితే పిల్లలు మంచాల కింద దూరుతారు. భుజాన సంచీతో నోటీసులు పంచే కోర్టు అమీను దిగితే మాత్రం, అంతవరకూ కళకళలాడుతున్న వీధిలో నరపురుగు కనబడదు. తలుపులన్నీ మూసుకుంటాయి. లోపల గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంటుంది గాని, “ఎవరమ్మా ఇంట్లో?” అంటే పలికే నాథుడుండడు.

దీని వెనక ఒక నమ్మకం ఉంది. కోర్టు కాగితాన్ని చేత్తో ముట్టుకుంటే కేసు తగులుకుంటుందట! ముట్టుకోకపోతే వచ్చిన దారినే తిరిగిపోతుందట! చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఈ ఒక్క విషయంలో ఒకే బడిలో చదివినట్టు మాట్లాడతారు. అయ్యా, మనం కళ్ళు మూసుకుంటే లోకం చీకటైపోతుందా? కాగితం తిరిగిపోవచ్చు గాని కేసు తిరిగిపోదు. మనం లేకుండానే, మన మాట వినకుండానే అది నడిచిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మునిగిన సంసారాలు మన చుట్టుపక్కల ఎన్ని లేవు!

ఆ రోజు బస్సు దిగిన అమీను ఆడమనిషి. పేరు శ్రీరంజని. చింతామణిలో గుడి అర్చకత్వం చేసుకునే ఇంటి కోడలు. కోర్టులో ఉద్యోగమనగానే బంధువులంతా సంబరపడ్డారు. ఊరూరా తిరిగి నోటీసులు అందజేసే ఉద్యోగమని తెలిశాక ముక్కు విరిచారు. హారతి పళ్ళెం పట్టుకునే చేతులతో ఆ పాడు కాగితాలు పంచడమా అన్నారు. ఆమె పట్టించుకోలేదు. కష్టపడి సంపాదించుకున్న ఉద్యోగం, తప్పు పనేమీ కాదు, ఇంకేం కావాలి?

“అమీనమ్మ వచ్చె, అమీనమ్మ వచ్చె” అని ఎవరో గుసగుసలాడారు. తలుపులు మూసుకున్నాయి. ఒకే ఒక్క ఇంటి ముందు ఒకామె ఆవుకు గడ్డి వేస్తూ ఉండిపోయింది. శ్రీరంజని చేతిలోని నోటీసు మీద పేరు చూసుకుని, వీధి అంతటికీ వినబడేట్టు పిలిచింది.

“రామలక్ష్మమ్మా! రామలక్ష్మమ్మ ఇల్లు యాడమ్మా?”

“ఆఁ...” అంది ఆవు దగ్గరున్నామె తల తిప్పకుండానే. మరుక్షణం ఉలిక్కిపడి, చుట్టూ చూసి, కొంగు సర్దుకుని తలవంచుకుంది.

శ్రీరంజని ఆమెను ఏమైనా అడిగేలోపలే పాల డైరీ అరుగు మీద నుంచి బయ్యప్ప గొంతు వినిపించింది. డైరీలో పాలు కొలిచి పోసుకునే పెద్దమనిషి ఆయన. ఊళ్ళో ఎవరింటి పాలల్లో ఎన్ని నీళ్ళో ఆయనకే తెలుసు. మనుషుల సంగతులు కూడా అంతే.

“ఎవురు కావల్లమ్మా?”

“రామలక్ష్మమ్మ అప్పా. కోర్టు నోటీసు వచ్చుండాది.”

బయ్యప్ప పకపకా నవ్వాడు. “రామలక్ష్మమ్మకా! ఆయమ్మ సచ్చిపోయి చానా ఏండ్లాయె గదమ్మా. ఇంగ ఆయమ్మకు నోటీసు ఇయ్యల్లంటే నువ్వు పైకే పోవల్ల. అద్దో, ఆ ఇల్లే. ఆవు కాడుండేది ఆయమ్మ కోడలు హేమావతి. కావాలంటే అడుగు.”

శ్రీరంజని అడిగింది. ఎలా అడిగిందో చూడండి. “ఏమ్మా, మీ అత్త రామలక్ష్మమ్మ పోయిందా?” అని అడిగింది.

“పోయిందమ్మా” అంది హేమావతి. “ఈ ఇంట్లోనే, నా చేతి నీళ్ళు తాగి కన్ను మూసె. ఆయమ్మకు కోర్టు కాగితం ఏంటికమ్మా? మా ఇంట్లో ఎవురూ ఏ తప్పూ చేయలేదే!” లోపల గోడ మీద, ప్లాస్టిక్ పూలదండ వెనక నుంచి, ముసలి అత్త పటం గంభీరంగా చూస్తోంది.

శ్రీరంజని చేతిలోని కాగితాల్లో చాలా రాసి ఉంది. కేసు ఎవరు వేశారు, దేనికోసం వేశారు, ఎవరి మీద వేశారో ఆమె తండ్రి పేరేమిటి, వయసెంత, అన్నీ ఉన్నాయి. కానీ ఆమె అడిగింది ఒక్క పేరే. ఇంకో రెండు ఊళ్ళు తిరగాలి, బస్సు మళ్ళీ దొరకదు. చచ్చిపోయిందని ఇద్దరు చెప్పాక ఇంకేముంది? నోటీసు వెనక ‘సదరు వ్యక్తి మరణించినట్టు తెలిసింది’ అని రాసేసింది. కింద బయ్యప్ప సాక్షి సంతకం చేశాడు. ఇంకొక సాక్షి కావాలంటే హేమావతి చేయి తుడుచుకుని వచ్చింది. పెన్ను పట్టుకుని ఒక అక్షరం రాసి, నాలుక కరుచుకుని, దాన్ని కొట్టేసి, పక్కన ‘హేమావతి’ అని కూడబలుక్కుంటూ రాసింది. అలవాటు లేని చేయి కదా అనుకుంది శ్రీరంజని.

బతికున్న మనిషి తన చావుకు తానే సాక్షి సంతకం పెట్టింది. ఆ సంగతి అక్కడున్నవాళ్ళలో ఏ ఒక్కరికీ తెలియలేదు.

*

సాయంత్రం చింతామణిలో ఇల్లు చేరి శ్రీరంజని కాళ్ళు కడుక్కుంటూండగా అత్తగారి ఫోను మోగింది. అత్తగారు అంబుజాక్షి దేవుడి గదిలో దీపం పెట్టి గంట కొడుతోంది. శ్రీరంజనే ఫోను ఎత్తింది.

“గార్గి ఉందా అమ్మా?” అంది అవతల ఒక పెద్దావిడ.

“ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ. రాంగ్ నంబర్” అని పెట్టేసింది.

“ఎవరే?” అంది అంబుజాక్షి లోపలి నుంచి.

“ఎవరో గార్గి కావాలట అత్తయ్యా. లేరని చెప్పాను.”

దేవుడి గదిలో గంట ఆగిపోయింది. అంబుజాక్షి గడప మీదికి వచ్చి నిలబడింది. ముఖంలో నవ్వూ ఏడుపూ కలగలిసి ఉన్నాయి.

“గార్గి నేనేనే పిల్లా! చిక్కబళ్ళాపురంలో నాతో చదివిన స్నేహితురాలై ఉంటుంది. ఎవరినడిగి నా నంబరు పట్టిందో!”

“మీరా? మీ పేరు అంబుజాక్షి కదా అత్తయ్యా?”

“ఆ పేరు ఈ ఇంటివాళ్ళు పెట్టింది. మా అత్తగారి పేరు కూడా గార్గే. ఇంట్లో ఇద్దరు గార్గులుంటే ఎట్లా? కోడల్ని ‘ఒసే గార్గీ’ అని కసిరితే అత్తగారిని కసిరినట్టు కాదూ? అందుకని పెళ్ళి పీటల మీదే మార్చేశారు. మొదట్లో అంబుజాక్షీ అని పిలిస్తే ఎవరినో అనుకుని పలికేదాన్నే కాదు. చెవిటిదేమో అనుకున్నారు. పోనుపోను అలవాటైపోయింది. ఇప్పుడు గార్గీ అని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు అనుకున్నాను. ఒక్కతి మిగిలింది, దాన్నీ నువ్వు...” అంబుజాక్షి కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆవుకు గడ్డి వేస్తూ తల తిప్పకుండా ‘ఆఁ’ అన్న గొంతు శ్రీరంజని చెవిలో మోగింది. ఒక అక్షరం రాసి కొట్టేసిన చేయి కళ్ళ ముందు మెదిలింది. తడి చేతులతోనే సంచీ తెరిచి నోటీసు తీసింది. ‘రామలక్ష్మమ్మ, కీర్తిశేషులు ఆంజనేయప్ప కూతురు, వయస్సు సుమారు యాభై.’ కొట్టేసిన అక్షరాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ‘రా’.

పటంలోని ముసలామెకు యాభై ఏళ్ళేమిటి! నోటీసు అత్తకా, కోడలికా అని కూడా చూడకుండా రాసేశానే అని తల కొట్టుకుంది. అదృష్టం బాగుండి ఆ కాగితం ఇంకా కోర్టుకు చేరలేదు. చేరి ఉంటే, రాజముద్ర ఉన్న కాగితం మీద ఒక మనిషి చచ్చిపోయి ఉండేది.

“అత్తయ్యా, ముందు ఆ నంబరుకు ఫోను చెయ్యండి. గార్గి ఉందని చెప్పండి” అంది శ్రీరంజని.

*

మర్నాడు మొదటి బస్సుకే ఆమె మళ్ళీ యర్రగుంటపల్లిలో దిగింది.

“ఏమ్మా, సచ్చినామె లేచి కూచుందేమో సూసిపోదామని వచ్చినావా?” అన్నాడు బయ్యప్ప.

“అవునప్పా. అందుకే వచ్చినా. నువ్వు కూడా రా” అంది ఆమె. ముఖంలో నవ్వు లేకపోవడం చూసి బయ్యప్ప పాలగరిటె కింద పెట్టి లేచాడు.

హేమావతి వాకిట్లోనే ఉంది. శ్రీరంజని ఈసారి కాగితం బయటికి తీయలేదు.

“అమ్మా, నీ పుట్టిల్లు ఏ ఊరు?”

“మిట్టేమరి కాడ.”

“మీ నాయన పేరు?”

“ఆంజనేయప్ప. పోయినాడులేమ్మా.”

“ఆయప్ప నిన్ను ఏమని పిలుస్తాండె?”

హేమావతి చేతిలోని చీపురు ఆగిపోయింది. అప్పుడు పలికిన గొంతు ముందటి గొంతు కాదు.

“రామక్కా అని. బడిలో రామలక్ష్మమ్మ అని రాసినారు. ఈ ఇంటికొచ్చినాక అత్త పేరూ అదే గదా, కోడల్ని ఆ పేరుతో పిలిస్తే బాగుండదని హేమావతి అన్నారు. రేషన్ కార్డులోనూ, ఆధార్‌లోనూ అదే ఎక్కె. ఇంగ నాకూ మరుపొచ్చె.”

“నీ పేరు రామలక్ష్మమ్మా?” బయ్యప్ప నోరు తెరిచాడు. “నువ్వు కోడలై వచ్చిన్నాటి నుంచి సూస్తాండా, నాకు తెలీదే!”

“ఎవురడిగినారప్పా?” అంది ఆమె. నిష్ఠూరం లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు అంది. బయ్యప్ప తలవంచుకున్నాడు.

అప్పుడు శ్రీరంజని కాగితాలు తీసింది. “అయితే ఈ నోటీసు నీదేనమ్మా. మీ అత్తది కాదు. గురప్ప అనేటాయన కేసేసినాడు.”

“గురప్పా?” ఆమె ముఖం విప్పారింది, ఆ తర్వాత అర్థమై నల్లబడింది. “నా తమ్ముడా? నా మీదనా? కాదులేమ్మా, వాడు అట్లాంటోడు కాదు. నేను ఎత్తుకుని పెంచినోడు. మొన్న గౌరి పండక్కి కూడా బాగినం పంపినాడు.” ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. “ఆ కాగితం నాకొద్దు. వెనక్కి తీసుకుపో తల్లీ. దాన్ని ముట్టుకుంటే నా పుట్టింటి వాకిలి మూసుకుపోతాది. మొగుడు పోయినోల్లకు పుట్టిల్లు కూడా లేకపోతే ఇంగేముంటాది?”

బయ్యప్ప కూడా గొంతు కలిపాడు. “వద్దులేమ్మా. కోర్టులో గెలిచినోడు ఓడె, ఓడినోడు సచ్చె అంటారు. కూలికి పోతాది, కొడుకు టమాటా టెంపో తోలతాడు, ఎట్లో గడిచిపోతాది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

శ్రీరంజని లాయరు కాదు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పే అధికారం ఆమెకు లేదు. “తీసుకోనంటే అట్లనే రాసి, మీ తలుపుకు అంటించి పోవల్ల అమ్మా. అంటించినా నీకు చేరినట్టే లెక్క. నువ్వు రాకపోయినా కేసు నడుస్తాది. అంతకు మించి నేను చెప్పగూడదు. అయితే ఈ కాగితంలో ఏముండాదో చదివి చెప్పమంటే చెప్తా. వినేదానికి ముట్టుకునే పని లేదు గదా!”

ఆమె వద్దనలేదు. శ్రీరంజని కన్నడంలో ఉన్న దాన్ని చదువుతూ, వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది.

తండ్రి ఆంజనేయప్ప భూమి అంతా తనదేనని గురప్ప తీర్పు కోరుతున్నాడు. అందులో బావి కాడి చేను కూడా ఉంది.

“బావి కాడి చేను” అని ఆమె మెల్లగా అంది. “ఆ బావి తవ్వినప్పుడు నేను గంపతో మట్టి మోసినా. గురప్ప అప్పుడు ఉయ్యాల్లో ఉండె. నీళ్ళు పడిన దినం మా నాయన దోసిట్లో పట్టి మొదటి నీళ్ళు నా నెత్తిన పోసినాడు. ఇది రామక్క చేను అన్నాడు. అది నాకేనని చానాసార్లు చెప్పినాడు. నేనే ఎప్పుడూ అడగలే. తమ్ముడే సాగు చేసుకుని తింటాండాడు గదా, తిననీలే అనుకుంటి.”

శ్రీరంజని తర్వాతి వాక్యం దగ్గర ఆగింది. చదవబుద్ధి కాలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే తప్పు.

“‘సదరు అక్కకు ఏటేటా గౌరి పండుగకు బాగినం పంపుతూ ఆమె భాగాన్ని పూర్తిగా తీర్చివేసినందున, ఆమెకు ఈ ఆస్తిలో ఎటువంటి హక్కూ లేదు.’”

ఈ సీమలో గౌరి పండక్కి పుట్టింటి నుంచి వచ్చే బాగినమంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ, బెల్లం, పప్పులు చేటలో సర్ది, మీద ఇంకో చేట మూసి పంపుతారు. దాని విలువ బజారులో ఎంత? ఏమీ లేదు. కానీ ‘నిన్ను మరిచిపోలేదు అక్కా’ అన్న మాట ఆ చేటల మధ్య ఉంటుంది. ఆ మాట కోసమే ఆడబిడ్డ ఏడాదంతా కాచుకుంటుంది.

ఆమె చీపురు వదిలేసి లోపలికి వెళ్ళింది. మొన్న వచ్చిన చేటలు తెచ్చి అరుగు మీద పెట్టింది. వాటి అంచులకు పసుపు ఇంకా అంటుకునే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“నేను దీన్ని ప్రేమ అనుకుంటి” అంది. “వాడు బాకీ తీరుస్తా ఉండె. బాగినం ఇచ్చి భాగం తీసుకునేది యాడన్నా ఉండాదా బయ్యప్పా?”

సామెతలు చెప్పే బయ్యప్ప నోటికి ఒక్క సామెత కూడా దొరకలేదు.

“ఆ చేను ఇమ్మని అడిగింటే ఇచ్చేసిందునే! నోరు తెరిచి ‘అక్కా, నాకిచ్చేయ్’ అని అడిగింటే చాలు. నన్ను అడక్కుండా, నేను లేనట్టే...” ఆమె కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. దాచుకున్న చేతులు ముందుకు చాపింది. “ఇట్లియ్యమ్మా ఆ కాగితం. సంతకం యాడ పెట్టల్ల?”

ఈసారి పెన్ను ఎక్కడా ఆగలేదు. కొట్టివేత లేకుండా, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, రామలక్ష్మమ్మ అని రాసింది. రాసి, ఆ పేరును వేలితో ఒకసారి తడిమి చూసుకుంది. శ్రీరంజని ముందటి రోజు తాను రాసింది తప్పని, జరిగింది జరిగినట్టు మరో కాగితం మీద రాసి సంతకం పెట్టింది. పై అధికారి నుంచి మాట పడవలసి వస్తుందని ఆమెకు తెలుసు. పడింది కూడా.

*

వాయిదా రోజున రామలక్ష్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, బయ్యప్పను తోడు తీసుకుని కోర్టుకు వచ్చింది. ఫీజు లేకుండా లాయరును ఇచ్చే సర్కారు ఏర్పాటు ఒకటుందని అక్కడే తెలిసింది. ఒక లాయరమ్మను ఆమెకు ఇచ్చారు. వరండా చివర గురప్ప తన లాయరుతో నిలబడి ఉన్నాడు. అక్కను చూసి ముఖం తిప్పుకున్నాడు. అదే మొదటిసారి వాడు ఆమెను చూసి పలకరించకపోవడం.

కేసు నంబరు వచ్చింది. జవాను గుమ్మంలోకి వచ్చి ముమ్మారు పిలిచాడు.

“రామలక్ష్మమ్మా! రామలక్ష్మమ్మా! రామలక్ష్మమ్మా!”

“ఉండాను స్వామీ!” అంది ఆమె. ఎంత గట్టిగా అందంటే వరండాలో జనమంతా తిరిగి చూశారు. ఇన్నేళ్ళ బాకీ ఒక్క కేకలో తీర్చుకున్నట్టు అంది. గోడ వారన నోటీసు కట్టలతో నిలబడిన శ్రీరంజని కళ్ళు చెమర్చాయి.

గురప్ప లాయరు లేచాడు. “స్వామీ, ఈమె పేరు హేమావతి. ఆధార్‌లోనూ అట్లే ఉంది. రామలక్ష్మమ్మ అని చెప్పుకోవడానికి ఏ ఆధారమూ లేదు. మేము కేసు వేసిన అక్క ఈమె కాదు, ఈమె మాకు తెలియదు.”

న్యాయాధీశులు గురప్పను ముందుకు పిలిచారు. “ఈమె ఎవరు?”

గురప్ప నేల చూపులు చూస్తూ, “తెలీదు స్వామీ” అన్నాడు.

రామలక్ష్మమ్మ రెయిలింగు పట్టుకుంది.

న్యాయాధీశులు కోప్పడలేదు. కాగితాలు తిరగేశారు. ఆయనా ఈ జిల్లాలోనే పెరిగిన మనిషి. కన్నడం ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. “సరే. భూమి సంగతి చెప్పు. తూర్పున బండి దారి, పడమట వంక, మధ్యలో బావి. ఈ సర్వే నంబరు ఏ చేను? మీ ఊళ్ళో దాన్ని ఏమంటారు?”

“రామక్క చేను స్వామీ” అన్నాడు గురప్ప.

అన్నాక గాని వాడికి తెలియలేదు ఏమన్నాడో. పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట. లాయరు నేర్పిన మాటల కంటే ముందు అదే నోట్లోంచి జారింది.

“ఎవరా రామక్క?” అన్నారు న్యాయాధీశులు.

గురప్ప మళ్ళీ నేల చూపులకు దిగాడు. అప్పుడు రామలక్ష్మమ్మ అంది. “చెప్పు గురప్పా. చేనుకు పేరుంటే మనిషికి లేదా? నాయన పెట్టిన పేరు నువ్వే చెప్పు. నువ్వు లేదంటే నేను ఇట్లే తిరిగి పోతా. మళ్ళ రాను.”

గురప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. న్యాయాధీశులకో, ఆమెకో తెలియలేదు. “మా అక్క స్వామీ. ఈమే. మా రామక్క.”

కేసు ఆ రోజే తేలలేదు. జవాబు ఇవ్వడానికి ఆమెకు గడువు ఇచ్చారు. తేలేవరకూ ఆ చేను అమ్మరాదని ఉత్తరువు చేశారు. తర్వాత న్యాయాధీశులు కళ్ళద్దాలు తీసి, హాలులో కూర్చున్న జనాన్ని చూసి నెమ్మదిగా అన్నారు.

“ఇక్కడి నుంచి వెళ్ళే కాగితాన్ని చూసి మీరు తలుపులు వేసుకుంటారు. అది శాపం కాదు, పిలుపు. ‘నీ మాట వినకుండా నీ సంగతి తేల్చం, వచ్చి చెప్పుకో’ అని పిలవడం. ఆ పిలుపు మనిషికి చేరకపోతే, నేనిక్కడ కూర్చుని రాసే తీర్పుకు విలువ లేదు. ఇంకొక మాట. ఇంటికొచ్చిన కోడలి పేరు తీసేయడం మీకు చిన్న సంగతి. కానీ ఆ పేరు వెనకే ఆమె తండ్రి, ఆమె బడి, ఆమె భాగం అన్నీ ఉంటాయి. పేరు తుడిచేస్తే అవన్నీ తుడిచినట్టే.”

బయటికి వచ్చాక గురప్ప అక్క వెనకే వచ్చాడు. “అక్కా! తప్పయిపోయె. ఇంగ నా బాగినం ముట్టుకోవేమో?” అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

రామలక్ష్మమ్మ ఆగింది. తాను ఎత్తుకుని పెంచిన ముఖం అది. “పంపు గురప్పా, తీసుకుంటా. దాంట్లో రసీదు పెట్టొద్దు. చేను సంగతి కోర్టు చూసుకుంటాది, అక్కాతమ్ముళ్ళ సంగతి మనం చూసుకుందాం” అని చెప్పి బస్సు వైపు నడిచింది. ఆ మాటతో కోపం పూర్తిగా పోయిందని కాదు. పోవడానికి కాలం పడుతుంది.

“రామలక్ష్మమ్మా, బస్సొచ్చె, బిన్నె రా!” అని బయ్యప్ప రోడ్డు మీద నుంచి కేకేశాడు. ఆమె ఈసారి ఉలిక్కిపడలేదు, తలవంచుకోలేదు. “వస్తాండా!” అంది.

అయ్యలారా, అమ్మలారా! మీ గుమ్మంలోకి అలాంటి కాగితం వస్తే తలుపు వేయకండి, ఎవరికి వచ్చిందో ఏమని వచ్చిందో చదివించుకోండి. మీ ఇంటి కోడలి అసలు పేరేమిటో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. పిలిచినప్పుడు పలకని మనిషిని, బతికుండగానే చచ్చినవాళ్ళలో కలిపేస్తుంది ఈ లోకం.